అమ్మ ఉతికిన పటం

గుడ్డలో మూటకట్టి ఉన్న నాన్నగారి పెన్నుల పెట్టెని నేను ఏడాదికోసారి, ఆయన ఆబ్దికం నాడు, బీరువా పై అర నుంచి దించి, మూట మీది దుమ్ము దులిపి మళ్ళీ అక్కడే పెట్టేస్తాను. మూట విప్పను. విప్పితే నల్ల ఇంకు వాసన వస్తుందనీ, అది వచ్చిందంటే ఆ రోజుకి నా పనులేవీ సాగవనీ ఇంట్లో వాళ్ళతో చెబుతుంటాను. అసలు కారణం వేరు. దాన్ని అరవయ్యేళ్ళు ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాను. పోయిన నెల ఒక తల్లీ కూతురూ మా ఇంటికి వచ్చి ఆ మూట విప్పించారు. అందుకే, మొదటి నుంచీ చెప్పేస్తాను.

నా చిన్నతనంలో మేము అశోక్‌నగర్‌లో ఒక పెంకుటింట్లో రెండు గదుల వాటాలో ఉండేవాళ్ళం. మాది గుంటూరు వైపు. నాన్నగారి ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే స్థిరపడ్డాం. పెరట్లో నూతిని అమ్మ ‘బావి’ అనేది, ఇంటి ఓనరమ్మ ‘బాయి’ అనేది, నీళ్ళు మాత్రం ఇద్దరికీ ఒకేలా తియ్యగా వచ్చేవి. సాయంత్రాలు లోయర్ ట్యాంక్ బండ్ వైపు నుంచి తడిగాలి వీచేది. ఆ గాలంటే మా అందరికీ హాయి, ఒక్క నాన్నగారికి తప్ప. గాలిలో తడి ఉంటే ఆయన గీతలు గీసే గుడ్డ ముడుచుకుపోయేది.

ఆయన పటాలు గీసే ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. ఊళ్ళు తిరిగి కొలతలు తీసే సర్వేయర్లు వేరే ఉండేవారు. వాళ్ళు ఎండల్లో నడిచి, ఎదురైన ప్రతి మనిషినీ అడిగి, పెన్సిలుతో గుర్తులు పెట్టుకొచ్చిన కాగితాల మీద, కింది గీతలు కనిపించేంత పల్చటి ట్రేసింగ్ గుడ్డ పరిచి, నల్ల ఇంకుతో తుది గీత గీయడం నాన్నగారి పని. మైలు నేలని అంగుళంలోకి దించాలి. గుట్టల చుట్టూ తిరిగే ఎత్తు గీతలు, వాగులు, బండ్లబాట, గుడి, చావడి, బావి, ఒక్కోదానికి ఒక్కో గుర్తు. ఆఫీసులో తెమలని పని శనివారం ఇంటికి తెచ్చుకునేవారు. ఆదివారం పొద్దున్నే స్నానం చేసి, చేతులు రెండుసార్లు కడిగి, తడి లేకుండా తుడుచుకుని, నీలం మెరుపున్న ఆ గుడ్డ మీద సన్నటి సుద్దపొడి చల్లి, అరచెయ్యి కింద జేబురుమాలు పెట్టుకుని కూర్చునేవారు. ఒక్క నీటిబొట్టు పడితే చాలు, గుడ్డ మీద తెల్లటి మచ్చ పడిపోతుంది, ఇక అది పోదు. అందుకని తడిచేతుల పిల్లలకి ఆ గదిలోకి ప్రవేశం లేదు. ఘాటుకి ఎవరైనా తుమ్మితే గీత వంకరపోతుందని అమ్మ ఆదివారం పప్పులోకి పోపు పదకొండు దాటాకే వేసేది. ఆకలికి మా పేగులు అరిచినా ఆయనకి వినిపించేవి కాదు. ఆ ఊళ్ళలో ఒక్కదాన్నీ ఆయన కళ్ళతో చూడలేదు. అయినా ఏ ఊరి పక్కన ఏ వాగు ఎటు తిరుగుతుందో, ఏ గుట్ట ఎక్కితే ఏ గుడి కనిపిస్తుందో అన్నం తింటూ చెప్పేవారు.

అచ్చయిపోయి ఇక పనికిరావని కొట్టేసిన పాత ట్రేసింగులు అప్పుడప్పుడూ ఇంటికి వచ్చేవి. వాటికోసం ఆ ఆఫీసు వాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళు కాచుకుని ఉండేవారు. పటం గుడ్డ మీద గట్టిగా మెరుస్తూ ఉండేదంతా గంజే, లోపలున్నది అసలైన సన్నటి నూలు. అమ్మ గంగాళంలో నీళ్ళు మరిగించి, గుప్పెడు బట్టల సోడా వేసి, రాత్రంతా నానబెట్టేది. తెల్లారేసరికి గంజి జిగురులా ఊడివచ్చేది, దానితో పాటే కొండలూ కోనలూ. కుంకుడు రసంలో రెండు తడవలు జాడిస్తే మల్లు బట్టని తలదన్నే మెత్తటి తెల్లగుడ్డ మిగిలేది. ఆ రోజు ఇల్లంతా పులిసిన గంజి వాసన. మా చొక్కాలూ జుబ్బాలూ దిండు గలీబులూ అన్నీ దానితోనే. నాన్నగారి ఆఫీసు వాళ్ళ పిల్లలం చిక్కడపల్లి బజారులో ఎదురుపడితే ఒకరి చొక్కా ఒకరం పోల్చుకునేవాళ్ళం. ఎంత ఉతికినా ఎక్కడో కాలరు కింద ఒక వాగు వంపు టీ మరకలా మిగిలి ఉండేది.

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. బడి వార్షికోత్సవంలో కోలాటానికి నన్ను తీసుకున్నారు. గిర్రున తిరిగితే గొడుగులా విచ్చుకునే లోపావడా కావాలి. అమ్మ దగ్గరున్న పాత ట్రేసింగు దానికి చాలదు. “ఉన్నదాంట్లో కుడతానే, కాస్త తక్కువ తిరుగు” అంది. తక్కువ తిరగడానికి కోలాటం ఎందుకు? ఆ ఆదివారం నాన్నగారు ఒక షీటు పూర్తిచేసి, మర్నాడు సెలవు కావడంతో చుట్టి బల్ల మీదే ఉంచారు. మూలన ‘రాయకుంటపేట’ అని చక్కటి అక్షరాలు. ఆయన కూరగాయలకి వెళ్ళగానే దాన్ని తీసుకుని గంగాళం దగ్గరికి వెళ్ళాను. అమ్మ నా చేతిలోది చూసి “నాన్నగారు ఇచ్చారా?” అంది. “ఆఁ, ఇచ్చారు. పాతదేనట” అన్నాను. అతుకు వెయ్యకపోతే అబద్ధం నిలవదని నాకు అప్పటికే తెలుసు. అమ్మ పొయ్యిలో మంట ఎగదోసి దాన్ని నీళ్ళలోకి తోసింది.

మంగళవారం పొద్దున నాన్నగారు బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగారు. అప్పటికి పావడా కుట్టడం అయిపోయింది, దండెం మీద ఆరుతోంది. ఆయన దాన్ని చూశారు, అమ్మని చూశారు. అమ్మ నావైపు చూసింది. ఒక్కటే చూపు. తర్వాత “నేనే చూసుకోలేదండీ. పాతవాటిలో కలిసిపోయింది” అంది. నాన్నగారు అరవలేదు. నేల మీద చతికిలబడి “అయ్యో” అన్నారు, అంతే. అది పాత పటం మీద లేని కొత్త వివరాలన్నీ చేర్చిన షీటు. పెన్సిలు కాగితాలు అప్పటికే సర్వేయరు వెంట క్యాంపుకి తిరిగి వెళ్ళిపోయాయి. అడిగితే ఎందుకని అడుగుతారు, చెబితే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. జ్వరమని సెలవు పెట్టి, రెండు రోజులు తలుపేసుకుని, ఇంట్లో మిగిలిన కొత్త ట్రేసింగ్ గుడ్డ ముక్క మీద జ్ఞాపకం నుంచి ఆ ఊరిని మళ్ళీ గీశారు. అమ్మ ఆ రెండు రోజులూ అసలు పోపే వెయ్యలేదు.

ఆయనకో అలవాటు ఉంది. షీటు పూర్తవగానే కొత్తగా చేర్చిన వివరాలు ఎన్నో లెక్కపెట్టి నోటుబుక్కులో రాసుకునేవారు. రాయకుంటపేటకి ‘ఇరవై’ అని రాసి ఉంది. రెండు రోజులు తన్నుకున్నా పంతొమ్మిదే గుర్తొచ్చాయి. ఆ పంతొమ్మిదితోనే షీటు ఇచ్చేశారు, అచ్చయింది, ఎవరూ ఏమీ అడగలేదు. ఆయన మాత్రం ముద్ద నోటి దగ్గరికి వెళ్తూ వెళ్తూ ఆగిపోయేవారు. ఎడమచేతి బొటనవేలు వేళ్ళ కణుపుల మీద నడిచేది. కొత్త బడి, పోస్టాఫీసు, వాగు మీద తూము... “పంతొమ్మిది. పెద్దదే ఏదో వదిలేశానే. చిన్నదైతే ఇంత గుచ్చుకోదు” అనేవారు. రిటైరయ్యాక కూడా. నారాయణగూడలో ఆస్పత్రి మంచం మీద, మనుషులని పోల్చలేని రోజుల్లో కూడా ఆ వేలు కణుపుల మీద నడుస్తూనే ఉంది. పక్కనే కూర్చున్నాను. చెప్పలేదు. ఆయనకి ముందే అమ్మ పోయింది, నా తప్పుని తనతోనే తీసుకుపోయింది. కోలాటంలో నా పావడా అందరికంటే బాగా విచ్చుకుందని టీచరు మెచ్చుకుంది. ఆ రోజు తప్ప మళ్ళీ దాన్ని ఒంటికి తగలనివ్వలేదు. కొన్నాళ్ళకి ట్రంకుపెట్టెలో అది కనిపించలేదు, నేనూ అడగలేదు.

ఇప్పుడు ఆ పెంకుటిల్లు లేదు. అక్కడే లేచిన అపార్టుమెంటులో రెండో అంతస్తు మాది. కింద జిరాక్సు షాపు, పక్కన కోచింగు సెంటరు, పైన హాస్టలు. ఉద్యోగ పరీక్షలకి చదివే పిల్లలు ప్లేటు ఇడ్లీ చేత్తో పట్టుకుని జిల్లాల సరిహద్దులు వల్లెవేస్తుంటారు. ఒక ఆదివారం పత్రికకి నాన్నగారి పటాల గురించి చిన్న వ్యాసం రాశాను. పోపు సంగతి రాశాను, సుద్దపొడి రాశాను, రాయకుంటపేట పేరు కూడా రాశాను. పావడా సంగతి రాయలేదు. వారం తిరక్కుండా ఫోనొచ్చింది. “మేడం, నా పేరు సుజాత. గవర్నమెంటు బడిల టీచర్ని. మాది రాయకుంటపేటనే. మీ నాన్నగారి కాగితాలేమన్న ఉంటే జర చూడాలె. మా అమ్మను గూడ తీసుకొస్త.” రండి అన్నాను.

వచ్చారు. తల్లి పేరు బాలమ్మ. నాకంటే రెండు మూడేళ్ళు పెద్దదై ఉంటుంది. సన్నటి మనిషి, అరచేతులు మాత్రం ఇటుకల్లా గట్టిగా ఉన్నాయి. గుమ్మంలో చెప్పులు విడుస్తూ గోడ మీద చెయ్యి వేసి చూసింది. “ఈ బిల్డింగు కట్టేటప్పుడు ఇటుకలు మోసిన నేను. గప్పుడు లిఫ్టు లేకుండె. మెట్లు గూడ లేకుండె, చెక్కల మీదికెల్లే ఎక్కేది” అంది. పాలమూరు నుంచి కూలికి వచ్చి రాంనగర్ బస్తీలో స్థిరపడిందట. నాన్నగారి పెట్టె ఉన్న గది గోడలని ఆమె నెత్తి మీద మోసింది. నేను ఇన్నేళ్ళూ ఆ గోడల మధ్యే పడుకుంటున్నాను.

సుజాత మా భోజనాల బల్ల మీద మూడు పటాలు పరిచింది. మూడూ రాయకుంటపేటవే, ఎక్కడెక్కడో తిరిగి సంపాదించి, పెద్దవి చేయించి తెచ్చింది. మొదటిది నిజాం కాలం నాటిది. రెండోది నాన్నగారిది, ఆ అక్షరాలు చూడగానే పోల్చుకున్నాను. మూడోది చాలా ఏళ్ళ తర్వాతది. వాటిని వరసగా చూశాను. మొదటిదాంట్లో ఊరు గుప్పెడు ఇళ్ళు. రెండోదాంట్లో బడి వచ్చింది, వాగు మీద తూము వచ్చింది. మూడోదాంట్లో బస్సు రోడ్డు పక్కకి సగం ఊరు జరిగిపోయింది. వాగు మాత్రం మూడింట్లోనూ అదే వంపు తిరుగుతోంది. ఒక ఊరు పుట్టి పెరగడం అన్నం పళ్ళేల మధ్య ఇలా కనిపిస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

“ఇగో మేడం, అసలు ముచ్చట ఇక్కడ” అంది సుజాత, వాగు పక్కన వేలు పెట్టి. “మా దిబ్బవాడ. మూడో షీట్ల ఉంది. రెండో దాంట్ల లేదు. ఊరి చరిత్ర మీద పుస్తకం ఏస్తున్నరు మా ఊరి పెద్దలు. వచ్చే నెల అచ్చుకు పోతది. రెండో షీట్ల లేరు కాబట్టి మీరు ఆ తర్వాత వచ్చి గుడిసెలేసుకున్నోళ్ళే అంటున్నరు. వాడల బాయి అంతకన్న పాతదని అందరికి తెలుసు. గందుకని అది మీరు తవ్వింది కాదు, పటేలు తవ్విచ్చిండు అని రాసిన్రు.”

“మా నాయిన తవ్విండమ్మా” అంది బాలమ్మ. ఆమె గొంతు పెంచలేదు. “ఏడిండ్లోళ్ళు తవ్విన్రు. ఊరి బాయిల మమ్మల్ని చేదనియ్యకపోతే తవ్వుకున్నరు. మూడెండకాలాలు బండ కొట్టిన్రు. మా పెదనాయిన కాలు అండ్లనే పోయింది. బుక్కుల వేరేటోళ్ళ పేరు ఎక్కితే ఇగ గదే నిజమైతది. నేను సదువుకోలే. నేను చెప్తే ఎవలింటరు?”

ఇరవయ్యోది నా ఎదురుగా కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు తాగుతోంది. పెట్టె దించాను. మూట ముడి బిగుసుకుపోయి రాలేదు. బాలమ్మ అందుకుని పళ్ళతో లాగి విప్పింది. పెట్టె, అందులో పెన్నులు, ఎండిపోయిన ఇంకు సీసా, నోటుబుక్కు. సుజాత నోటుబుక్కు తీసింది. బాలమ్మకి పెన్నులతో పనిలేదు, చేతిలో ఉన్న గుడ్డనే తడుముతోంది. “మస్తు మెత్తగున్నది” అంటూ బాల్కనీ వెలుగుకి ఎత్తి పట్టింది. “గీ బట్టల ఏందో గీతలున్నయి సూడు.”

తెల్లగుడ్డలో టీ రంగు గీతలు. నాన్నగారి పెన్ను ముల్లు గట్టిగా దిగిన చోటల్లా నూలు పోగుల్లో ఇంకు ఆగిపోయింది. ఎత్తు గీతలు, ఒక వాగు, మూలన సగం చెరిగిన షీటు నంబరు. వాటి మీదుగా అడ్డంగా సూది రంధ్రాల వరస. నడుముపట్టీ కుట్లు విప్పేసిన జాడ అది. అమ్మ ఆ పావడాని పారెయ్యలేదు. విప్పి, చదును చేసి, నాన్నగారి పెట్టెకి చుట్టి పెట్టింది. ఆయన వెతుకుతున్నది ఆయన పెట్టె మీదే ఉంది, ఆయన పోయేదాకా ఉంది. మా ముగ్గురిలో ఏ ఒక్కరం ఆ మూటని వెలుగుకి ఎత్తి చూసినా సరిపోయేది.

బాలమ్మ చాలాసేపు చూసి తల అడ్డంగా ఊపింది. “మాది గాదు. మా వాగు గిట్ల పోదు. పొద్దు పొడిసే దిక్కుకెల్లి వస్తది, ఇది పొద్దు గూకే దిక్కుకెల్లి వస్తున్నది.” సుజాత మొహం వాడిపోయింది. నాకు మాత్రం నాన్నగారు గుడ్డని వెలుగుకి పెట్టి రెండువైపులా తిప్పి చూసుకోవడం గుర్తొచ్చింది. సన్నటి గుడ్డకి వెనకవైపు నుంచి చూస్తే కుడి ఎడమవుతుంది. బాలమ్మ చేతుల్లోంచి తీసుకుని తిరగేసి మళ్ళీ పట్టాను.

ఆమె “అవ్వా!” అంది. ఒక్క అక్షరం చదవడం రాని మనిషి, పటమన్నదాన్ని ఎన్నడూ చేత పట్టని మనిషి, వేలు పెట్టి నడవడం మొదలుపెట్టింది. “ఇగో వాగు. ఇక్కడ దాటాలె, బండలుంటయి. దాటితే ఇట్ల దిబ్బ ఎక్కుడు. ఇది కిష్టయ్య ఇల్లు. ఇది ఎంకటమ్మోళ్ళది. ఇది మా పెదనాయినది...” ఆ వేలి కింద చిన్న చిన్న చతురస్రాలు ఒక్కోటీ పేరు పెట్టుకుని లేస్తున్నాయి. ఆరు లెక్కపెట్టి ఆగింది. “ఇది మాది. మా అమ్మ నన్ను గీ ఇంట్లనే కన్నది.” దాని పక్కన బావి గుర్తు, ఆవగింజంత సున్నా. ఎవరో పేరు తెలియని సర్వేయరు ఆ దిబ్బ ఎక్కి, ఏడిళ్ళనీ బావినీ విడిచిపెట్టకుండా రాసుకున్నాడు. అశోక్‌నగర్‌లో మా నాన్నగారు ఊపిరి బిగబట్టి వాటిని గీశారు. అప్పుడు ఆ ఏడో ఇంట్లో బాలమ్మ అనే పిల్ల ఆడుకుంటూ ఉండేది. ఈ రోజుల్లో ఫోనులో వేలు ఆడిస్తే ఆకాశం నుంచి ప్రతి ఇంటి కప్పూ కనిపిస్తుంది, నేనూ చూస్తుంటాను. కానీ ఆ కప్పుల కింద ఎవరున్నారని దిబ్బ ఎక్కి అడిగినవాడి గీత ముందు నాకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టాను కూడా.

ఇక దాచడం నావల్ల కాలేదు. కోలాటం, గంగాళం, ‘పాతదేనట’, అమ్మ చూపు, అన్నీ చెప్పేశాను. సుజాత కళ్ళు ఎర్రబడ్డాయి. “మా అమ్మ గీ ఒక్క మాట కోసం ఎన్ని ఆఫీసులు తిరిగిందో మీకెరికేనా మేడం?” అంది. బాలమ్మ గుడ్డని ఒళ్ళో పరుచుకుని సూది రంధ్రాల మీద వేలు పోనిస్తోంది. “అయితే మా వాడంత నడుముకు కట్టుకొని ఎగిరినవన్నట్టు” అంది. “గప్పుడు మా వాడల ఆడివిల్లలకు పావడలే లేకుండె” అంది. ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. తర్వాత ఆమే నవ్వింది, నా భుజం తట్టింది. “ఊకో అమ్మా. నువ్వు అట్ల కట్టుకోకపోతే మీ అమ్మ దాయకపోవు. దాయకపోతే ఇయ్యాల ఇది నా చేతికి రాకపోవు.”

తర్వాతి సంగతి ముందే చెప్పేస్తాను. సుజాత గుడ్డనీ, షీటు నంబరునీ, నోటుబుక్కు పేజీనీ ఫోటోలు తీసి ఊరి పెద్దల ముందు పెట్టింది. వారం రోజులు వాదించుకుని చివరికి బావి గురించి రాసినది కొట్టేసి, దిబ్బవాడకి ఒక పేజీ ఇచ్చారు. గుడ్డ ఇప్పుడు బాలమ్మ దగ్గర ఉంది. పెన్నుల పెట్టె మూట లేకుండా నా బల్ల మీద ఉంది.

కానీ ఆ రోజు వాళ్ళు వెళ్ళేముందు సుజాత నోటుబుక్కు నా ముందుకు జరిపింది. రాయకుంటపేట పేజీలో నాన్నగారు ఒకటి నుంచి అంకెలు వేసి, ఎదురుగా గుర్తొచ్చినవి రాసుకున్నారు. పంతొమ్మిది నిండాయి. ఇరవై అని అంకె వేసి, ఎదురుగా ఖాళీ వదిలేశారు. నేను లేచి చేతులు రెండుసార్లు కడుక్కుని, తడి లేకుండా తుడుచుకుని వచ్చాను. ఏం రాయమంటారని బాలమ్మని అడిగాను. ఆమె చెప్పింది చెప్పినట్టే రాశాను: ‘దిబ్బవాడ. ఏడిండ్లు, ఒక బాయి. ఏడిండ్లోళ్ళు తవ్వుకున్నది.’